గుర్రపు వాతం

గర్భిణికి గానీ, కాన్పయిన కొత్తలో బాలింతకు గానీ రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడాన్ని గుర్రపు వాతం అంటారు. వైద్యుల భాషలో ఇది ఎక్లాంప్సియా. ఫిట్స్ దాకా పోకముందు ఉండే దశ ప్రీ ఎక్లాంప్సియా. అంతవరకూ బీపీ లేని మనిషికి అయిదో నెల దాటాక, అంటే 20 వారాల తరవాత, 140/90 గానీ అంతకు మించి గానీ రావడం, దానికి తోడు మూత్రంలో ప్రోటీన్ పోవడం దీనికి పాత నిర్వచనం. 2013లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఈ నిర్వచనాన్ని సడలించింది. మూత్రంలో ప్రోటీన్ లేకపోయినా సరే, బీపీతో పాటు ప్లేట్‌లెట్లు లక్షలోపుకు పడిపోవడం, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మాత్ర వేసినా తగ్గని తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జబ్బు ఉన్నట్టే లెక్క. పొట్ట పైభాగాన, కుడి డొక్క కింద వచ్చే నొప్పిని గ్యాస్ అనుకుని తాత్సారం చేయడం ఇప్పటికీ ప్రాణాల మీదకు తెచ్చే పొరపాటు. అది కాలేయం వాపు వల్ల కావచ్చు.

ప్రపంచం మొత్తమ్మీద నూటికి రెండు నుంచి ఎనిమిది గర్భాల్లో ప్రీ ఎక్లాంప్సియా వస్తుంది. తొలిచూలు వారికి, కవలలను మోస్తున్న వారికి, అప్పటికే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, ఊబకాయులకు, కిందటి కాన్పులో ఒకసారి వచ్చినవారికి ముప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 46 వేల మంది తల్లులు, కడుపులోనో పుట్టాకో 5 లక్షల మంది దాకా పిల్లలు దీనివల్ల చనిపోతున్నారు. ఈ తల్లుల్లో అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాల వారే. బ్రిటన్‌లో 2012-14 నాటికి ఈ జబ్బుతో పోయేవారు పది లక్షల కాన్పులకు ఒక్కరు కూడా లేరు.

ఈ జబ్బు పరిశోధన చరిత్రలో ఒక వింత ఉంది. కారణం తెలియకముందే మందు దొరికింది. దొరికిన మందు నిజంగా పనిచేస్తుందని తేల్చుకోవడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. కారణం మాత్రం ఈ శతాబ్దంలో గానీ ఓ కొలిక్కి రావడం మొదలుపెట్టలేదు.

మరిగించిన మూత్రం, చేతికి కట్టిన పట్టీ

తొలిచూలు వారికే ఈ ఫిట్స్ ఎక్కువ ప్రమాదకరమని 17వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా మొరిసో గమనించాడు. కానీ దీన్ని మూర్ఛ రోగం నుంచి విడదీసే ఆధారం 1843లో దొరికింది. లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో జాన్ లీవర్ ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రాన్ని పరీక్షిస్తే అందులో ఆల్బుమిన్ కనిపించింది. పరీక్ష చాలా సులువైనది. గాజు గొట్టంలో మూడొంతుల దాకా మూత్రం పోసి, పైభాగాన్ని స్పిరిట్ దీపం మీద వేడిచేస్తారు. తెల్లగా మబ్బు కడితే రెండు మూడు చుక్కల ఎసిటిక్ ఆమ్లం వేస్తారు. మబ్బు విడిపోతే అది ఫాస్ఫేట్ లవణం, విడిపోకపోతే ఆల్బుమిన్. అడుగున ఉన్న తేట మూత్రంతో పైనున్న మబ్బును పోల్చి చూడటం కోసమే గొట్టం పైభాగాన్ని మాత్రమే వేడిచేసేది. రంగు మారే కాగితపు పట్టీలు అందుబాటులోకి వచ్చేదాకా మన పల్లెల్లో ఏఎన్ఎంలు చేసిన పరీక్ష కూడా ఇదే.

రెండో సంకేతమైన రక్తపోటు తెలియడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఇటలీలో రివా-రోచీ చేతికి పట్టీ కట్టి బీపీ కొలిచే సాధనాన్ని 1896లో తయారుచేశాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో వాకే, నొబేకూర్ అనే ఇద్దరు వైద్యులు ఈ ఫిట్స్ వచ్చిన స్త్రీలకు రక్తపోటు ఎక్కువగా ఉంటోందని చూపించారు. ఆ రెండు కొలతల ఆధారంగానే గర్భిణుల పరీక్షల క్యాలెండరు పుట్టింది. 1929లో బ్రిటన్ ఆరోగ్య శాఖ ఇచ్చిన పట్టిక ప్రకారం 28వ వారం దాకా అరుదుగా, 36వ వారం దాకా పక్షానికోసారి, ఆ తరవాత వారం వారం పరీక్షలు. నెలలు నిండే కొద్దీ డాక్టరు దగ్గరకు తిరగడం ఎందుకు ఎక్కువవుతుందో చాలామందికి తెలియదు. ఈ జబ్బు ఆఖరి నెలల్లోనే ఎక్కువగా, అదీ చెప్పాపెట్టకుండా బయటపడటం అందుకు ఒక ముఖ్య కారణం.

కారణం సంగతికి వస్తే, అప్పట్లో ఎవరికి తోచింది వారు చెప్పారు. ఒంట్లో విషం చేరిందన్నారు. అందుకే టాక్సీమియా అనే పేరు పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాల పాటు నిలిచిపోయింది. దొరకని ఆ విషాన్ని బయటికి తీయడానికి రక్తం కార్పించారు, విరేచనాలు చేయించారు. రష్యాలో స్ట్రోగనోవ్ చీకటి గదిలో, చప్పుడు లేకుండా, మార్ఫిన్, క్లోరల్ హైడ్రేట్ ఇచ్చి పడుకోబెట్టే పద్ధతి తెచ్చాడు. దాంతో మరణాలు తగ్గాయి. బహుశా అంతకుముందు చేసిన హింస ఆగిపోవడం వల్ల కూడా కావచ్చు. ఇది సిద్ధాంతాల జబ్బని జర్మన్ వైద్యుడు జ్వైఫెల్ 1916లోనే విసుక్కున్నాడంటే పరిస్థితి ఊహించవచ్చు.

మ్యాగ్‌సల్ఫ్ దారి

లేబర్ రూముల్లో అందరూ మ్యాగ్‌సల్ఫ్ అని పిలిచే మెగ్నీషియం సల్ఫేట్ అరుదైన రసాయనమేమీ కాదు. పత్తి ఆకులు ఎర్రబారితే రైతులు పిచికారీ చేసేదీ ఇదే లవణం. కాకపోతే ఇంజెక్షన్ది శుద్ధి చేసిన రకం. 1906లో జర్మనీలో హార్న్ దీన్ని గుర్రపు వాతానికి మొదట వాడాడు. 1920ల్లో అమెరికాలో లజార్డ్ నరానికి, డార్సెట్ కండకు ఇచ్చి చూశారు. ఆ తరవాత డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆస్పత్రిలో జాక్ ప్రిచర్డ్ దశాబ్దాల పాటు ఒకే పద్ధతిని పట్టుకుని, 1984లో 245 మంది రోగుల ఫలితాలు ప్రచురించాడు. అందులో చనిపోయిన తల్లి ఒక్కరే. అమెరికా మొత్తం ఆయన వెంట నడిచింది.

బ్రిటన్ మాత్రం నమ్మలేదు. మూర్ఛకు మెదడు మీద పనిచేసే మందు కావాలి గానీ ఈ ఉప్పుతో ఏమవుతుందన్నది అక్కడి నరాల వైద్యుల వాదన. అక్కడ డయాజిపామ్, ఫెనిటాయిన్ వాడేవారు. మన దేశంలో ఇంకో దారి నడిచింది. మద్రాసులో ఎం.కె. కృష్ణ మీనన్ పెథిడిన్, క్లోర్‌ప్రోమజైన్, ప్రొమెథజైన్ కలిపి ఇచ్చే పద్ధతిని రూపొందించి 1961లో ఫలితాలు ప్రకటించారు. లైటిక్ కాక్‌టెయిల్ అనే ఆ మిశ్రమాన్ని దేశంలో చాలా ఆస్పత్రులు ఏళ్ల తరబడి వాడాయి. అంటే ఒకే జబ్బుకు డాలస్‌లో ఒక మందు, లండన్‌లో ఒకటి, మద్రాసులో మరొకటి. ఎవరి ఫలితాలు వారికి బాగానే కనిపించాయి. పక్కపక్కన పెట్టి చూసినవారే లేరు.

ఆ పని 1995లో జరిగింది. లీలియా డ్యూలీ ముందుండి నడిపిన అధ్యయనంలో ఇండియాతో పాటు దక్షిణ అమెరికా, ఆఫ్రికా దేశాల ఆస్పత్రులు పాల్గొన్నాయి. ఫిట్స్ వచ్చిన 1,687 మంది స్త్రీలకు ఏ మందు ఇవ్వాలో డాక్టరు ఇష్టానికి వదలకుండా లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. డయాజిపామ్ ఇచ్చినవారిలో దాదాపు 28 శాతం మందికి ఫిట్స్ మళ్లీ వచ్చాయి, మెగ్నీషియం ఇచ్చినవారిలో 13 శాతం మందికే. ఫెనిటాయిన్‌తో పోల్చినప్పుడు 17 శాతం, 6 శాతం. వాదన అక్కడితో ముగిసింది. తరవాత లైటిక్ కాక్‌టెయిల్‌తో పోల్చి చూసినా మెగ్నీషియానిదే పైచేయి అయింది.

ఫిట్స్ వచ్చాక ఆపడం సరే, రాకుండా ఆపగలదా? మ్యాగ్‌పై అనే అధ్యయనం ఈ ప్రశ్నతో 33 దేశాల్లో 10,141 మంది ప్రీ ఎక్లాంప్సియా రోగులను చేర్చుకుంది. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 96 మందికి ఫిట్స్ వస్తే, మెగ్నీషియం తీసుకున్నవారిలో 40 మందికి వచ్చాయి. ఇంజెక్షన్ పడగానే ఒళ్లంతా ఆవిరి కొట్టినట్టు వేడెక్కడం తప్ప తల్లికి గానీ బిడ్డకు గానీ చెప్పుకోదగ్గ హాని కనపడలేదు. తల్లుల మరణాల్లోనూ తగ్గుదల కనిపించింది గానీ, అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పేంత లేదు. ఇంతకీ ఈ లవణం ఫిట్స్‌ను ఎలా ఆపుతుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మెదడు రక్తనాళాలు బిగుసుకోకుండా చూస్తుందని కొందరు, నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుందని కొందరు అంటారు.

ప్రిచర్డ్ పద్ధతిలో మొదట 4 గ్రాములు నరంలోకి మెల్లగా, ఆ వెంటనే రెండు పిరుదుల్లో అయిదేసి గ్రాములు లోతుగా కండకు, తరవాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు మార్చి మార్చి ఒక్కో పిరుదుకు ఇస్తారు. చివరి ఫిట్ వచ్చాక, లేదా కాన్పయ్యాక, ఏది తరవాతైతే అక్కడినుంచి 24 గంటల వరకు. మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుంది. అయితే దానికంటే ముందు మోకాలి కుదుపు పోతుంది. అందుకే ప్రతి డోసుకూ ముందు నర్సు మూడు సంగతులు చూస్తుంది. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగురుతోందా, నిమిషానికి 16 సార్లయినా ఊపిరి తీస్తోందా, నాలుగు గంటల్లో మూత్రం సంచీలో 100 మిల్లీలీటర్లయినా పడిందా అని. కాలు ఎగరకపోతే డోసు ఆపాల్సిందే. ఊపిరి మందగిస్తే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ పక్కనే ట్రేలో సిద్ధంగా ఉంటుంది. ఇంత పర్యవేక్షణ పెద్దాస్పత్రిలోనే కుదురుతుంది కాబట్టి, మన దేశ మార్గదర్శకాలు మొదటి డోసు మాత్రం, అంటే రెండు పిరుదులకూ కలిపి 10 గ్రాములు, ఏఎన్ఎం ఇచ్చేసి వెంటనే పైఆస్పత్రికి పంపాలంటున్నాయి. బంగ్లాదేశ్ వైద్యులు తమ స్త్రీల తక్కువ బరువును లెక్కలోకి తీసుకుని అంతకంటే తక్కువ మోతాదును రూపొందించారు. ఢాకా పద్ధతిగా దానికి పేరొచ్చింది.

తప్పు మాయదే

బిడ్డతో పాటు మాయ బయటపడితే జబ్బు దిగిపోవడం మొదలవుతుంది. ముత్యాల గర్భంలో బిడ్డే ఉండదు, మాయ కణజాలం ద్రాక్షగుత్తిలా పెరుగుతుంది. అయినా ఈ జబ్బు వస్తుంది, అదీ త్వరగా. కాబట్టి దోషం బిడ్డది కాదు, మాయదేనని అందరికీ అనుమానం. 1960, 70 దశకాల్లో బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ బృందం గర్భాశయ గోడలోని మెలికల ధమనులను సూక్ష్మదర్శినితో పరిశీలించి దీనికి రూపమిచ్చింది. మామూలు గర్భంలో మాయ కణాలు ఆ ధమనుల్లోకి చొచ్చుకుపోయి, వాటి కండర పొరను తినేసి, వెడల్పు చేస్తాయి. ఆఖరి నెలల్లో బిడ్డకు కావలసిన రక్తం ఆ వెడల్పయిన దారిలోనే పారుతుంది. జబ్బు ఉన్న గర్భంలో ఈ పని సగంలో ఆగిపోతుంది. తూము గేటు సగమే ఎత్తిన చెరువు కింద ఆయకట్టులా మాయ ఎండుతుంది. ఇది మూడు నాలుగు నెలల్లోనే జరిగిపోయినా బీపీ కనిపించేది ఏడెనిమిది నెలలకు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్ రెడ్‌మన్ దీన్ని రెండు దశల జబ్బుగా చూశాడు. మొదటిది మాయలో గుట్టుగా సాగేది, రెండోది తల్లి ఒంట్లో బయటపడేది.

ఆకలితో ఉన్న మాయ తల్లి మొత్తం శరీరాన్ని ఎలా దెబ్బతీస్తోంది? 2003లో బోస్టన్‌లో భారత సంతతి కిడ్నీ వైద్యుడు అనంత్ కరుమంచి, షారన్ మేనార్డ్ తదితరులు దీనికి జవాబు చూపించారు. జబ్బు ఉన్నవారి మాయ ఎస్ఎఫ్ఎల్‌టి-1 అనే ప్రోటీన్‌ను అతిగా విడుదల చేస్తోంది. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా ఉంచే రెండు కారకాలను, వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్‌లను, అది రక్తంలోనే పట్టేసి పనిచేయనివ్వదు. అదే ప్రోటీన్‌ను చూలు ఎలుకల్లో పెంచితే వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోయింది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందులు వాడిన రోగుల్లోనూ సరిగ్గా ఇవే రెండు లక్షణాలు కనిపించడం ఈ వాదనకు గట్టి దన్ను. జబ్బు పైకి కనిపించడానికి దాదాపు అయిదు వారాల ముందే ఈ ప్రోటీన్ పెరగడం మొదలవుతుందని 2004లో తేలింది.

దాంతో రక్తపరీక్షలు వచ్చాయి. ఎస్ఎఫ్ఎల్‌టి-1, పీఎల్‌జీఎఫ్‌ల నిష్పత్తి 38 లోపు ఉంటే వచ్చే వారం రోజుల్లో జబ్బు వచ్చే అవకాశం దాదాపు లేదని 2016లో ప్రకటించిన అధ్యయనం చెప్పింది. ఆ నమ్మకం 99 శాతం పైమాట. నిష్పత్తి ఎక్కువుంటే జబ్బు వచ్చి తీరుతుందని మాత్రం అంత నమ్మకంగా చెప్పలేదు. అంటే ఈ పరీక్ష భయపెట్టడానికంటే ధైర్యం చెప్పి ఇంటికి పంపడానికి ఎక్కువ పనికొస్తుంది. బ్రిటన్‌లో 2019లో ప్రకటించిన అధ్యయనంలో పీఎల్‌జీఎఫ్ పరీక్షను డాక్టర్లకు అందుబాటులో ఉంచితే జబ్బును గుర్తించే సమయం సగటున నాలుగు రోజుల నుంచి రెండు రోజులకు దిగింది. అమెరికా ఔషధ సంస్థ 2023లో ఇలాంటి పరీక్షకు అనుమతించింది.

ఆస్పిరిన్, సున్నం, కొన్ని భంగపాట్లు

తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాయలో రక్తం గడ్డకట్టకుండా చూస్తుందేమోనన్న ఆశతో 1980ల్లో చిన్న అధ్యయనాలు జరిగాయి. ఫలితాలు ఘనంగా కనిపించాయి. 1994లో క్లాస్ప్ అనే పెద్ద అధ్యయనం 9,364 మందిలో 60 మి.గ్రా. ఇచ్చి చూస్తే తగ్గుదల 12 శాతమే, అదీ కాకతాళీయం కావచ్చన్న స్థాయిలో. ఆస్పిరిన్ కథ అక్కడితో ముగిసిందనుకున్నారు. కానీ అందులో చాలామందికి మందు మొదలుపెట్టింది ఆలస్యంగా. మెలికల ధమనుల పని మొదటి నాలుగైదు నెలల్లోనే అయిపోతుందని తెలిశాక, 16 వారాల్లోపే మొదలుపెట్టి, మోతాదు పెంచి, రాత్రి పడుకునేముందు ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. 2017లో ప్రకటించిన ఆస్ప్రీ అధ్యయనంలో ముందస్తు పరీక్షల్లో ముప్పు ఎక్కువని తేలిన 1,776 మందిని చేర్చుకుని 150 మి.గ్రా. ఇచ్చారు. 37 వారాల్లోపు వచ్చే ప్రీ ఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి దిగింది. నెలలు నిండాక వచ్చే రకం మీద మాత్రం ప్రభావం కనపడలేదు. ఇప్పుడు ముప్పు ఉన్న గర్భిణులకు మూడు నెలలు దాటగానే ఆస్పిరిన్ రాయడం మన ఊళ్లలోనూ మామూలైంది. అవసరం లేనివారికి కూడా అలవాటుగా రాసేస్తున్నారన్న ఫిర్యాదూ ఉంది.

కాల్షియం వెనక కథ మరీ ఆసక్తికరం. గ్వాటెమాలాలో మాయా తెగ స్త్రీలు పేదలే, పోషణ అంతంతమాత్రమే. అయినా వారిలో గుర్రపు వాతం అరుదు. మొక్కజొన్నను సున్నపు నీటిలో నానబెట్టి వండే అలవాటు వల్ల వారికి కాల్షియం సమృద్ధిగా అందుతోందని, కారణం అదే కావచ్చని బెలిజాన్, విల్లార్ 1980లో ప్రతిపాదించారు. ఎన్నో అధ్యయనాల తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహారంలో కాల్షియం తక్కువుండే చోట్ల రోజుకు 1.5 నుంచి 2 గ్రాములు ఇవ్వాలంది. అన్ని మాత్రలు మింగడం గర్భిణులకు కష్టం, ప్రభుత్వాలకు ఖర్చు. అందుకని బెంగళూరులో, టాంజానియాలోని దారెస్సలాంలో ఒక్కోచోట 11 వేల మంది తొలిచూలు వారిలో 500 మి.గ్రా., 1,500 మి.గ్రా. మోతాదులను పోల్చారు. 2024లో వచ్చిన ఫలితంలో బెంగళూరులో తక్కువ మోతాదు వారిలో 3 శాతం మందికి, ఎక్కువ మోతాదు వారిలో 3.6 శాతం మందికి ప్రీ ఎక్లాంప్సియా వచ్చింది. టాంజానియాలోనూ రెండిటికీ పెద్ద తేడా లేదు. మన గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రల లెక్కను ఇది మార్చవచ్చు. వంద గ్రాముల రాగుల్లో 300 మి.గ్రా. పైగా కాల్షియం ఉందన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగ్గదే.

భంగపాట్లూ తక్కువ కాదు. విటమిన్ సి, ఇ మాత్రలు మేలు చేస్తాయన్న ఆశ 2006లో బ్రిటన్ అధ్యయనంతో పోయింది. పైగా ఆ మాత్రలు వేసుకున్నవారిలో తక్కువ బరువు పిల్లలు ఎక్కువమంది పుట్టారు. కొలెస్ట్రాల్ మందు ప్రవస్టాటిన్ కూడా ముప్పున్న గర్భిణుల్లో జబ్బును ఆపలేకపోయింది.

మన దేశపు అధ్యయనాలు

నాగపూర్ ప్రభుత్వాస్పత్రుల పేరు ఈ రంగంలో పదే పదే వినిపిస్తుంది. బీపీ విపరీతంగా పెరిగిన 894 మంది గర్భిణులకు అక్కడ నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా మాత్రలను విడివిడిగా ఇచ్చి చూశారు. ఆరు గంటల్లో బీపీ క్షేమంగా అదుపులోకి వచ్చింది నిఫెడిపిన్‌తో 84 శాతం మందికి, మిగతా రెండిటితో 76, 77 శాతం మందికి. 2019లో వెలువడిన ఈ ఫలితం అసలు సారం నిఫెడిపిన్ గెలవడం కాదు. సెలైన్ పంపు, నరానికి ఇంజెక్షన్ లేని చోట కూడా మూడింటిలో ఏ మాత్ర దొరికినా పని జరుగుతుందని తేలడం. కాన్పు తెప్పించడానికి ఫోలీ గొట్టం కంటే మిసోప్రోస్టాల్ మాత్ర మేలని తేల్చిన 2017 అధ్యయనం కూడా నాగపూర్‌లో జరిగిందే.

కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో చేసిన క్లిప్ అధ్యయనం మరో రకం పాఠం. ఆశా, ఏఎన్ఎంలకు ట్యాబ్ ఇచ్చి, ఇళ్లకు వెళ్లి గర్భిణుల బీపీ చూసి, అవసరమైతే మాత్ర, మ్యాగ్‌సల్ఫ్ ఇచ్చి ఆస్పత్రికి పంపేలా తర్ఫీదునిచ్చారు. పాకిస్తాన్, మొజాంబిక్‌లలోనూ ఇదే నమూనా. 2020లో లెక్క చూస్తే తల్లీబిడ్డల మరణాలు, ఇక్కట్లు మొత్తమ్మీద తగ్గలేదు. ఊళ్లో జబ్బును పట్టుకున్నా, చేర్చుకునే ఆస్పత్రిలో వసతులు మారకపోతే ఫలితం రాదని పరిశీలకులు చెప్పిన వివరణ. ఎన్నో ఇళ్లకు తిరిగి కూడా ఫలితం రాలేదని ప్రకటించడమే నన్నడిగితే ఈ పరిశోధకుల గొప్ప.

తెలుగు రాష్ట్రాల్లో 2018-20 నమూనా సర్వే లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు చనిపోయారు. దేశ సగటు అప్పుడు 97. ఆస్పత్రి కాన్పులు, 2005లో మొదలైన 108 అంబులెన్సులు ఇందులో పాలు పంచుకున్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆ రోజు క్యూలో ముప్పు ఉన్నవారిని వేరుచేసేది ఇప్పటికీ ప్రధానంగా బీపీ పట్టీ, మూత్రపు పట్టీ, రక్తహీనత పరీక్షే.

కాన్పు తరవాత

నెలలు నిండాక బీపీ వస్తే ఎదురుచూడకుండా కాన్పు చేయించడమే మేలని 2009లో నెదర్లాండ్స్‌లో 756 మందిపై చేసిన అధ్యయనం చూపింది. నెలలు నిండకముందు ఎప్పుడు కాన్పు చేయించాలన్నదే కష్టమైన లెక్క. అక్కడ తల్లికి మేలైనది బిడ్డకు కీడు కావచ్చు. 34 నుంచి 37 వారాల మధ్య ముందే కాన్పు చేస్తే ఎలా ఉంటుందో ఇండియా, జాంబియాల్లో పరీక్షించి 2023లో ఫలితాలిచ్చారు. తల్లి ఇక్కట్లలో స్పష్టమైన తేడా రాకపోయినా, కడుపులోనే బిడ్డ చనిపోవడం తగ్గింది.

కాన్పుతో గండం గడిచిందనుకోవడం అన్నివేళలా సరికాదు. కొందరికి ఫిట్స్ మొదటిసారి వచ్చేది బాలింతగా ఉన్నప్పుడే. బీపీ మూడు నుంచి ఆరు రోజుల మధ్య మళ్లీ ఎగబాకుతుంది. సరిగ్గా అప్పటికే చాలామంది పుట్టింటికి చేరి, తలనొప్పిని నిద్రలేమి కింద, చలి కింద జమకట్టేస్తుంటారు.

ఆ తరవాతి ఏళ్ల సంగతి 2007లో బ్రిటన్ పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కగట్టాక బయటపడింది. ప్రీ ఎక్లాంప్సియా వచ్చినవారికి తరవాతి కాలంలో శాశ్వత రక్తపోటు వచ్చే ముప్పు మూడున్నర రెట్లకు పైన, గుండె జబ్బు ముప్పు రెట్టింపు. అమెరికా గుండె సంఘం 2011లో దీన్ని స్త్రీల గుండె జబ్బు కారణాల జాబితాలో చేర్చింది. నలభై అయిదేళ్ల స్త్రీ ఛాతీ నొప్పితో వస్తే పొగ తాగుతారా, షుగర్ ఉందా అని అడిగినట్టే, కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా అని కూడా డాక్టరు అడగాలి. మన గుండె జబ్బుల ఓపీల్లో ఆ ప్రశ్న ఇంకా చాలాచోట్ల వినపడదు.